ఫిజియో గదికి 68 కిలోమీటర్లు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను వడ్రంగి పని చేస్తాను. వయసు అరవై రెండు. పేపర్ రోజూ చదువుతాను కానీ పేపర్‌కు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఈ మధ్య దివ్యాంగుల పింఛను పెంపు మీద మీరు చాలా ఉత్తరాలు వేశారు. అవి రావాల్సినవే. నేను మాత్రం ఆరేళ్లు నిండని దివ్యాంగ పిల్లల గురించి రాస్తున్నాను. వాళ్ల గురించి ఎవరూ రాయగా చూడలేదు.

మా మనుమరాలు నెలలు నిండకుండానే పుట్టింది. బరువు కిలో నాలుగు వందల గ్రాములు. సర్కారు దవాఖానలో ఇరవై ఆరు రోజులు అద్దాల పెట్టెలో పెట్టి బతికించి చేతిలో పెట్టారు. రూపాయి తీసుకోలేదు. ఈ మాట ముందు చెప్పకపోతే కళ్లు పోతాయి. పదకొండో నెల వచ్చినా పాప కూర్చోలేదు. ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడేవి. "తొందరపడి పుట్టింది కదా, అన్నీ ఆలస్యంగా వస్తాయిలే" అని ఇంట్లో అందరికీ సర్దిచెప్పింది నేనే. అంగన్‌వాడీ టీచర్ ఒప్పుకోలేదు. ఊరూరా తిరిగి పిల్లల్ని పరీక్షించే బాల స్వాస్థ్య పథకం వాళ్ల బండి వచ్చే రోజు చెప్పి, కోడల్ని పాపను తీసుకుని రమ్మంది.

ఆ పథకం 2013లో మొదలైంది. డాక్టర్లు అంగన్‌వాడీకి ఏడాదిలో రెండుసార్లు, బడికి ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. మా ఊరికి వచ్చిన డాక్టరమ్మ పాపను చాప మీద పడుకోబెట్టి, పాదాలు పట్టుకుని మెల్లగా పైకి వంచి చూసింది. ఐదు నిమిషాలు పట్టలేదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండని జబ్బు, కావచ్చని చెప్పి చీటీ రాసిచ్చింది. మేం ఏడాదిగా గుర్తించనిది ఆమె చాప మీదే గుర్తుపట్టింది. అక్కడిదాకా ప్రభుత్వం మా గుమ్మం దాకా వచ్చినట్టే.

ఆ చీటీ పట్టుకుని డైక్ (డీఈఐసీ) సెంటర్‌కు, అంటే పిల్లల లోపాలను చిన్నప్పుడే చూసి వైద్యం చేసే జిల్లా కేంద్రానికి వెళ్లాలి. పిల్లల డాక్టర్, ఫిజియోథెరపీ, మాటలు నేర్పేవాళ్లు, కళ్లూ చెవులూ చూసేవాళ్లు, అందరూ ఒక్క చోటే ఉండేలా పెట్టిన కేంద్రం. మంచి ఏర్పాటు. అయితే 2016లో జిల్లాలు చిన్నవయ్యాయి, కలెక్టర్ ఆఫీసు మాకు దగ్గరైంది. డైక్ సెంటర్ మాత్రం పాత జిల్లా కేంద్రంలోనే ఉండిపోయింది. మా ఊరి నుంచి 68 కిలోమీటర్లు, రెండు బస్సులు మారాలి. 2023 డిసెంబర్ నుంచి కోడలికి బస్సు ఉచితం, టికెట్ తీసుకునేది నేనొక్కణ్నే. ఛార్జీ బాధ తగ్గింది కానీ ఆమె కూలీ పోతుంది, నా పనీ పోతుంది. పాపను చంకన వేసుకుని రెండో బస్సులో నిలబడితే, దిగేసరికి దాని కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి. అవి కాస్త వదులయ్యేసరికే ఫిజియో మేడమ్ ఇచ్చే ఇరవై నిమిషాలు అయిపోతాయి. ఆమెనూ అనలేం, బయట వరండాలో ఇంకా పదిహేను మంది తల్లులు కూర్చుని ఉంటారు. వారానికి మూడుసార్లు రమ్మంటే మేం నెలకు రెండుసార్లు వెళ్తున్నాం. మధ్యలో నాలుగు నెలలు ఆ పోస్టు ఖాళీగానే ఉంది. అంత దూరం వెళ్లి తాళం చూసి వచ్చిన రోజు కోడలు దారంతా మాట్లాడలేదు.

చెక్క పని చేసేవాడిని కాబట్టి నాకు ఒకటి తెలుసు. పచ్చి చెక్కను ఆరబెట్టేటప్పుడు సరిగా పేర్చకపోతే మెలి తిరుగుతుంది. తర్వాత ఎంత చిత్రిక పట్టినా ఆ మెలి పోదు. పిల్లల కండరాలూ అంతేనని మేడమ్ చెప్పినప్పుడు నాకు మళ్లీ అడిగే పని లేకపోయింది.

పాప కూర్చోవడానికి కార్నర్ చైర్ కావాలంది ఆమె. ఒక క్యాంపులో కొలతలు తీసుకున్నారు, కుర్చీ వచ్చేసరికి పదకొండు నెలలైంది. అప్పటికి పాప దానికి పట్టలేదు. అంతవరకూ ఆగలేక ఆమె ఫోన్‌లో చూపించిన బొమ్మను బట్టి నేనే చేశాను. గది మూలలా వీపు వైపు రెండు పలకలు, మూలమట్టం పెట్టి సరిచూశాను. కాళ్లు దగ్గరకు రాకుండా మధ్యలో గుండ్రని దిమ్మె, ముందు చిన్న బల్ల, పాత బడి సంచి నుంచి కోసిన బెల్టు. చాలా బాగా వచ్చిందనుకుని తీసుకెళ్తే మేడమ్ మోకాలి వెనక వేలు పెట్టి చూసి, "తాతా, అంచు ఒత్తుతోంది, సీటు రెండు వేళ్లు తగ్గించు" అంది. నలభై ఏళ్ల పనిలో ఆడపిల్ల చేత తప్పు పట్టించుకోవడం అదే మొదలు. ఇంటికొచ్చి కోసి, అంచు గుండ్రం చేశాను. ఆ సాయంత్రం పాప అందులో కూర్చుని, కింద పడిన చెక్క పొట్టును నేను బల్ల మీద వేస్తే రెండు చేతులతో తీసి చూసుకుంది. అంతవరకు దాని చేతులెప్పుడూ ఖాళీగా లేవు, పడిపోకుండా ఏదో ఒకటి పట్టుకోవడానికే సరిపోయేవి. ఆ తర్వాత వరండాలో పరిచయమైన పిల్లలకు ఇంకో నాలుగు చేసిచ్చాను.

ఇక అసలు సంగతి. మా మండల కేంద్రంలో భవిత సెంటర్ ఉంది, దివ్యాంగులైన బడి పిల్లల కోసం చదువు శాఖ నడిపేది, ఊరికి ఏడు కిలోమీటర్లు. అక్కడికి వారానికోసారి ఫిజియోథెరపీ చేసే సారు వస్తాడు. పరుపులున్నాయి, పట్టుకుని నడిచే కడ్డీలున్నాయి. మేం వెళ్తే "పాప చిన్నది, బడిలో పేరు రాయించాక రండి" అన్నారు. బడిలో పేరు రాయించేసరికి ఆ పిల్ల కాళ్లు ఎలా ఉంటాయో వాళ్లు ఆలోచించినట్టు లేదు. ఆ శాఖ చదువుది, మాది ఆరోగ్యానిది అట. పిల్లకు ఉన్న కాళ్లు మాత్రం రెండే.

ఒక వకీలు గారింటికి తలుపులు చేస్తున్నప్పుడు ఈ మాట అంటే ఆయన పుస్తకం తీసి చదివి వినిపించారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్‌లో ఉచిత చదువు హక్కు ఆరేళ్ల నుంచి 18 ఏళ్ల వరకట. మరి ఆరేళ్లలోపు? 25వ సెక్షన్‌లో ఉంది. ఇంటికి దగ్గర్లో, ముఖ్యంగా పల్లెల్లో, ప్రభుత్వం చెప్పిన ఆదాయ పరిమితికి లోబడి ఉచిత వైద్యం అందించాలని. 'దగ్గర్లో' అన్న మాటకు 68 కిలోమీటర్లు సరిపోతుందా అని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు.

నిరామయ బీమా సంగతి కూడా మాకు ఏ ఆఫీసరూ చెప్పలేదు, వరండాలో పక్కన కూర్చున్న ఒక తల్లి చెప్పింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో పెట్టుకోవచ్చు. వైకల్యం సర్టిఫికెట్ ఉండాలి, ముందు మనం కట్టి తర్వాత బిల్లులు పంపాలి. అయినా నయమే. చీటీ రాసిచ్చే రోజే ఈ బీమా కాగితం కూడా చేతిలో పెడితే ఏం పోయింది? పింఛను మాకు 4,016 వస్తోంది, అబద్ధం ఆడను. అందులో సగం పక్క పట్నంలో ప్రైవేటు ఫిజియోకే పోతోంది.

కొత్త భవనాలు అడగడం లేదు. వారానికి ఒక రోజు డైక్ సెంటర్ నుంచి ఒక ఫిజియో, మాటలు నేర్పే మనిషి మా వైపు పెద్ద దవాఖానకో, ఏదైనా భవిత సెంటర్‌కో వస్తే చాలు. బండి చుట్టుపక్కల ఊళ్లలో గుర్తించిన పిల్లలందరినీ ఆ రోజే రమ్మనవచ్చు. లేదంటే భవితకు వచ్చే సారునే ఆరేళ్లలోపు పిల్లల్ని కూడా చూడమని రెండు శాఖల వాళ్లు కూర్చుని ఒక కాగితం మీద సంతకం పెట్టండి. పరుపు అదే, సారు అదే, పిల్ల కాస్త చిన్నది, అంతే తేడా.

కుర్చీల విషయంలో నా వంతు నేను చేస్తాను. ఎవరైనా చెక్క ఇస్తే కూలి తీసుకోకుండా చేసిస్తాను. కొలతలు మాత్రం మేడమే తీయాలి, నా చేతి అంచనా ఒకసారి తప్పింది.

పాప పేరు పేపర్‌లో రావద్దని కోడలు అంది. అందుకే నా పేరూ ఊరూ రాయడం లేదు, మన్నించగలరు.

- ఒక వడ్రంగి, తెలంగాణ