వార్షిక నివేదిక: అన్నపూర్ణ పాదాల దాకా మన యువజన విభాగం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది చేసిన పనుల్లో చాలావరకు మీ కళ్ల ముందు జరిగినవే. ఉగాది పంచాంగ శ్రవణం, వేసవిలో చలివేంద్రం, రక్తదాన శిబిరం, సద్దుల బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. గ్రంథాలయం పైకప్పు మరమ్మతు మాత్రం మిగిలిపోయింది. వానలకు ముందే చేయిస్తానన్నది నేనే కాబట్టి మాట పడవలసిందీ నేనే. ఇక మీరంతా అడుగుతున్న నేపాల్ కొండయాత్ర సంగతికి వస్తాను.

గత సర్వసభ్య సమావేశంలో యువజన విభాగం ఈ యాత్ర ప్రతిపాదన పెట్టినప్పుడు ఒక పెద్దాయన, "నల్లకొండ అని పేరున్న ఊళ్లో ఉంటూ కొండ కోసం పరాయి దేశం పోవాలా?" అన్నారు. సభ నవ్వింది, నేనూ నవ్వాను. కానీ పిల్లలు ఆ మాటను పట్టుకున్నారు. జూన్ నుంచి ప్రతి ఆదివారం తెల్లవారుజామున మన నల్గొండలోని లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కారు. నెలకొకసారి దేవరకొండ కోటకు, రెండుసార్లు భువనగిరికి వెళ్లారు. భువనగిరి బండ దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడ్డారట. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ బండలెక్కడం నేర్చుకున్నది అక్కడే మరి. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

మనవాళ్లు అంత దూరం ఆశపడలేదు. అన్నపూర్ణ బేస్ క్యాంపు, అంటే శిఖరం ఎక్కేవాళ్లు కింద మకాం వేసే చోటు, చాలనుకున్నారు. ఎత్తు 4,130 మీటర్లు. తాళ్లతో, మంచుగొడ్డళ్లతో పని లేదు, మోకాళ్లు గట్టిగా ఉంటే చాలు. దాని పైన నిలబడి ఉండే అన్నపూర్ణ శిఖరం 8,091 మీటర్లు. ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండల్లో మనిషి మొట్టమొదట ఎక్కింది దాన్నే, 1950 జూన్ 3న.

దసరా మర్నాడు పదకొండు మంది బయలుదేరారు. సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్‌కు రైలు, అక్కడి నుంచి సొనౌలీ సరిహద్దు, ఆపైన పోఖరా. భారతీయులకు వీసా అక్కర్లేదు. మన వంద రూపాయలకు అక్కడివి నూట అరవై వస్తాయి. గడియారం మాత్రం పావుగంట ముందుకు తిప్పుకోవాలి. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి ప్రవేశ రుసుము సార్క్ దేశాల వారికి 1,000 నేపాలీ రూపాయలు. సరిహద్దు దాటాక మాట్లాడుకున్న బండి యజమాని సగం దారిలో అదనంగా డబ్బు అడిగాడు. పిల్లలు వాదించారు, చివరికి ఇచ్చారు. ఆ రసీదు లేని ఖర్చు గురించి కోశాధికారి నన్ను మూడుసార్లు అడిగారు.

పౌర్ణమి నాటికి దారిలోని ఘాంద్రుక్ అనే ఊరు చేరారు. అక్కడ దసరా, అంటే వాళ్ల దశైం, పౌర్ణమి దాకా ఉంటుంది. లాడ్జి నడిపే ముసలమ్మ బియ్యం, పెరుగు, కుంకుమ కలిపిన ముద్దను అందరి నుదుటా పెట్టి దీవించింది. మనవాళ్లలో ఒకమ్మాయి పర్సులో దాచుకున్న జమ్మి ఆకు తీసి ఆమె చేతిలో పెట్టి కాళ్లకు మొక్కింది. ఆకును బంగారమని ఎందుకంటారో భాష రాకపోయినా వివరించబోయిందట. ఆ ముసలమ్మకు ఎంత అర్థమైందో గానీ ఆకును భద్రంగా కొంగున కట్టుకుంది.

చోమ్రోంగ్ అనే ఊరు దాటితే మాంసం తినకూడదన్నది ఆ లోయ ఆచారం. కార్తీక మాసంలో కూడా కోడిని వదలని మా బృందనాయకుడు పప్పన్నంతో రోజులు వెళ్లదీశాడు. నీళ్లు కూడా కాచినవి కొనుక్కోవాలి. ఫ్లోరైడ్ భయంతో డబ్బా నీళ్లకు అలవాటుపడ్డ మన జిల్లావాళ్లకు అదేమీ వింత కాదు. కానీ మోదీ ఖోలా నది పక్కనే అంత హోరుగా పారుతుంటే నీళ్లకు డబ్బివ్వడం మర్రిగూడ కుర్రవాడికి మింగుడుపడలేదు.

సభ్యులు శ్రద్ధగా చదవవలసింది దేవరాలిలో జరిగింది. అది దారిలోని ఒక మజిలీ, ఎత్తు 3,230 మీటర్లు. ఆ రాత్రి ఒకరికి తలనొప్పి మొదలై వాంతులయ్యాయి. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గుతుంది. బేస్ క్యాంపు దగ్గరైతే ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో సుమారు 60 శాతమే. ఆ అస్వస్థతతో పైకి వెళితే ప్రాణం మీదికి రావచ్చు, కిందికి దిగడమే మందు. తెల్లవారగానే అతన్ని దింపాలన్నాడు గైడు. తోడు ఎవరన్నది ప్రశ్న. జట్టులో అందరికంటే గట్టివాడు, లతీఫ్ సాహెబ్ గుట్టను అందరికంటే ముందు ఎక్కేవాడు, సంఘం జెండాను పక్కవాడి సంచిలో పెట్టి, "పద" అన్నాడు. ఇద్దరూ, సామాన్లు మోసే ఒక పోర్టరూ కింది మజిలీ అయిన దోవన్‌కు దిగారు. సాయంత్రానికి తలనొప్పి తగ్గింది.

ఆ పోర్టరే వాళ్లకు ఎదురుగా ఉన్న మచ్ఛపుచ్ఛ్రే కథ చెప్పాడు. మత్స్యపుచ్ఛమే, చేపతోక. 6,993 మీటర్ల పవిత్ర పర్వతం, ఎక్కడానికి అనుమతి లేదు. 1957లో విల్ఫ్రిడ్ నోయ్స్, కాక్స్ అనే ఇద్దరు బ్రిటిష్ వాళ్లు శిఖరానికి ఇంకా 50 మీటర్లే ఉండగా ఆగి, అక్కడి రాజుకు ఇచ్చిన మాట కోసం వెనక్కి తిరిగారు. కథ విన్నాక కూడా జబ్బుపడ్డ మనవాడు ఆ రాత్రి ఏడ్చాడని తర్వాత తెలిసింది. దిగినందుకు కాదు, తన వల్ల మిత్రుడు ఆగిపోయినందుకు.

మిగిలిన తొమ్మిదిమంది బేస్ క్యాంపు చేరారు. సూర్యోదయపు ఫొటోలు కార్యాలయం గోడ మీద ఉన్నాయి, చూడండి. నన్నడిగితే ఫొటో లేని ఆ ఇద్దరి దిగుడే ఈ యాత్రలో మనం సాధించింది. కార్యవర్గంలో అందరూ దీనికి ఒప్పుకోలేదు. అదీ నమోదు చేస్తున్నాను.

లోపాలూ చెప్పాలి. నలుగురు వారం ముందు కొన్న కొత్త బూట్లతో వెళ్లి అరికాళ్లంతా బొబ్బలు తెచ్చుకున్నారు. ఎక్కడం సాధన చేశారు గానీ దిగడం చేయలేదు, చోమ్రోంగ్ రాతిమెట్ల మీద ఆ తేడా తెలిసింది. దేవరాలికి వెళ్లేముందు ఒక రోజు విశ్రాంతి పెట్టుకోవలసింది. సెలవులు చాలవని నేనే తగ్గించాను.

ప్రయాణ ఖర్చులు ఎవరివి వారే భరించారు. సంఘం నిధి నుంచి ప్రథమ చికిత్స పెట్టె, గైడు జీతంలో సగం, ఆ రసీదు లేని బండి ఖర్చు మాత్రమే పోయాయి. పూర్తి పద్దులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

వచ్చే ఏడాదికి ఇప్పటికే ఏడుగురు పేర్లిచ్చారు. మొదటి రెండూ దోవన్‌కు దిగినవాళ్లవే. వాళ్లకు బూట్లు ఇప్పుడే కొనుక్కోమని చెప్పాను.

కార్యదర్శి, నల్గొండ