ఎక్సలేటర్ కేబుల్ గురించి అడిగిన కాకాకు

శ్రావణం ముహూర్తాలు కదా, మొన్న బుధవారం రాత్రి ములుగులో పెళ్ళి డెకరేషన్ ఉంది. హన్మకొండలో పూలు ఎక్కించుకుని బయల్దేరాను. గూడెప్పాడ్ క్రాస్ దాకా బండి బాగానే వచ్చింది. చినుకులు పడుతున్నాయని వైపర్ వేశాను, లైట్లు ముందే వేసి ఉన్నాయి. రెండు నిమిషాల్లో ఇంజిన్ దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. వెనక నలభై కిలోల బంతి, చామంతి. టైమ్ పది దాటింది. ఆ టెన్షన్ ఏంటో పూల పని చేసేవాళ్ళకే తెలుస్తుంది.

మాది 2007 మోడల్ ఓమ్ని. పాత ఇంజిన్ పొగ కక్కుతోందని నిరుడు అదే రకం సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేయించాను. వేసింది ఎవరో చెప్పను, ఇప్పుడు చెప్పి లాభం లేదు. అప్పటి నుంచి ఒకటే గోల. సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోయినట్టు మూలుగుతుంది. పగలు పర్వాలేదు, రాత్రి లైట్లు వేస్తే ఐడిల్ (బండి నిలబెట్టినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పడిపోతుంది. బ్యాటరీ మార్చాను, మూడు ప్లగ్గులు మార్చాను, పెట్రోల్ పంపు కూడా మార్చాను. ఒకచోట స్కానర్ పెట్టారు, తప్పు ఎక్కడుందో చూపే కోడ్ ఏమీ రాలేదు. పద్నాలుగు వేలు పోయాయి, జబ్బు మాత్రం అట్లాగే ఉంది.

ఆ రాత్రి ముందుగా ఆగింది ట్రాక్టర్ తమ్ముడు. తాడు కట్టి బండిని రోడ్డు పక్కన రేకుల షెడ్డు కిందికి లాగి, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ షెడ్డు కాకాదే. ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడట. తినే అన్నం పక్కన పెట్టి వచ్చాడు. నేను చేయించిన రిపేర్లన్నీ ఏకరువు పెడుతుంటే మధ్యలో ఆపి ఒక్కటే అడిగాడు: "ఎక్సలేటర్ కేబుల్ ఎన్నిసార్లు మార్చినవ్ బిడ్డా?"

బిత్తరపోయాను. ఇంజిన్ వేయించాక రెండుసార్లు మార్చాను. బిగుసుకుపోతోందంటే మార్చడమే తప్ప ఎందుకు బిగుసుకుంటోందని ఎవరూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. కాకా సీటు లేపి, నన్ను నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టమని, తర్వాత కేబుల్ పట్టుకుని చూడమన్నాడు. టీ గ్లాసు పట్టుకున్నట్టు చురుక్కుమంది!

తర్వాత మీటరు తెచ్చాడు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజిన్ బ్లాకు మీద తుప్పు గీకి పెట్టి, మళ్ళీ సెల్ఫ్ కొట్టమన్నాడు. 2.3 వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు కూడా రావద్దట. ఎట్లా అంటే, బ్యాటరీ మైనస్ బాడీకి కలిపి ఉంటుంది, ఇంజిన్ కూర్చునేది మాత్రం కరెంటు పోని రబ్బరు మౌంటింగుల మీద. బాడీకీ ఇంజిన్‌కూ మధ్య ఎర్త్ పట్టీ లేకపోతే కరెంటు తిరిగి రావడానికి సరైన దారి ఉండదు. సెల్ఫ్ మోటారు లాగే అంత కరెంటూ దొరికిన ఇనుమునల్లా పట్టుకుని పోతుంది. మా బండిలో దానికి దొరికింది ఎక్సలేటర్ కేబుల్! అందుకే అది కాలి బిగుసుకుంటోంది. కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ కూడా ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి లైట్లు, వైపర్ వేస్తే ఆ కరెంటుకూ అదే ఇరుకు దారి. వోల్టేజ్ పడిపోయి పెట్రోల్ పంపూ, ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే కాయిలూ నీరసపడతాయి.

టార్చి పెట్టి వెతికితే పట్టీ అక్కడే ఉంది, కానీ కరెంటు పోని పెయింటు మీదే బోల్టు బిగించేశారు. ఇంకో కొసన తీగలు సగం తెగి పచ్చగా చిలుము పట్టాయి. కాకా పాత బ్యాటరీ కేబుల్ ఒకటి తీసి, రెండువైపులా ఎమరీ కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, 12 నంబర్ స్పానర్‌తో బిగించాడు. సెల్ఫ్ ఒక్క చిటికెలో అందుకుంది. లైట్లు, వైపర్, హారన్ అన్నీ వేసి చూశాం, ఐడిల్ చెక్కుచెదరలేదు. మీటరు 0.15 చూపించింది.

ఎంత అంటే కేబుల్‌కు నూటయాభై ఇమ్మన్నాడు. అయిదు వందల నోటు ఇస్తే చిల్లర వెతికి మరీ తిరిగిచ్చాడు. ఈలోగా కాకా వాళ్ళింటి పిన్ని బోరు నీళ్ళతో బంతి గోనెలు తడిపింది. నాకు ఆ సోయే లేదు, ఆమె తడపకపోతే తెల్లారేసరికి సగం పూలు వాడిపోయేవి. పన్నెండున్నరకల్లా ములుగు చేరాం. మండపం అయిదింటికి సిద్ధం.

కాకా, మీకు ఈ ఫోన్ల గొడవ లేదన్నారు, మీ మనవరాలు చదివి వినిపిస్తుందని రాస్తున్నాను. మీకూ, పిన్నికీ, ఆ ట్రాక్టర్ తమ్ముడికీ దండాలు. మీ స్పానర్ నా బండిలోనే ఉండిపోయింది, పూల గోనెల కింద దొరికింది. ఆదివారం తెచ్చిస్తాను.