నాన్నకి, బాల్టిమోర్ నుంచి

నాన్నా,

నేను బాగానే ఉన్నాను. ఆఫీసు పని ఎప్పట్లాగే. చలి తగ్గింది. అమ్మ పంపిన గోంగూర పచ్చడి ఇంకా ఉంది, కొంచెం కొంచెంగా వాడుకుంటున్నా. ఫోన్లో అయితే "తిన్నావా" అని అడిగి అమ్మకిచ్చేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నా.

ఈ ఊళ్లో పుట్టిన ఒక డ్రమ్స్ విద్వాంసుడి సంగతి నీకు చెప్పాలి. ఇక్కడ పిల్లలు ఆడుకునే కేంద్రం ఒకదానికి ఆయన పేరే పెట్టారు. చిక్ వెబ్. చిన్నప్పుడే వెన్నెముకకు క్షయ వచ్చి గూని ఏర్పడింది, ఎత్తు నాలుగడుగుల దగ్గరే ఆగిపోయింది. పేపర్లు అమ్మి, ఆ డబ్బుతో డ్రమ్స్ కొనుక్కున్నాడు. కుర్రతనంలోనే న్యూయార్క్ వెళ్లి సొంత మేళం కట్టాడు. అక్కడి హార్లెం పేటలో సవాయ్ బాల్‌రూమ్ అని పెద్ద డాన్సు హాలు ఉండేది. ఆ రోజుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి డాన్సు చేయగలిగిన చోటు అది. అక్కడ ఈయన మేళానిదే రాజ్యం.

నీకు నచ్చే ముక్క ఒకటుంది. ఆయనకి నొటేషన్, అంటే కాగితం మీద రాసిన స్వరాలు, చదవడం రాదు. మేళంలో ఎవరు ఎక్కడ ఏం వాయించాలో అంతా వినికిడి మీదే, మనసులోనే పెట్టుకునేవాడట. నువ్వూ బాబాయీ తాతయ్య దగ్గర డోలు నేర్చుకున్నట్టే.

మన తిరునాళ్లలో రెండు మేళాలకి పోటీ పెట్టినట్టు అక్కడా పెట్టేవాళ్లు. 1937 మే 11న బెన్నీ గుడ్‌మన్ మేళం వచ్చింది. అప్పట్లో దేశమంతా మోగుతున్న పేరు అది. లోపల నాలుగు వేల మంది, చోటు దొరక్క బయట ఇంకా వేల మంది. ఆ రాత్రి చిక్ వెబ్‌దే గెలుపు. గుడ్‌మన్ దగ్గర డ్రమ్స్ వాయించే జీన్ క్రూపా, తనూ మహా విద్వాంసుడే, అందరి ముందూ ఈయనకి వంగి నమస్కరించాడు. అది చదివినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు నాన్నా.

ఎల్లా ఫిట్జెరాల్డ్ అనే గాయని కూడా ఈయన మేళంలోనే పైకొచ్చింది. 1938లో ఒక చిన్నపిల్లల ఆటపాటని ఆమె పాడితే దేశమంతా మోగిపోయింది. తర్వాతి ఏడాది జూన్ 16న ఆయన పోయాడు. ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు. ఈ ఊళ్లోనే, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో. నేను ఆఫీసుకెళ్లే బస్సు దాని ముందు నుంచే పోతుంది. చివరి రోజుల్లో కచేరీ అయ్యాక స్పృహ తప్పి పడిపోయేవాడట. అయినా నొప్పి సంగతి బయటికి చెప్పేవాడు కాదు.

తమ్ముడు చెప్పాడు, మొన్న పెళ్లి ఊరేగింపులో సగం దారిలో నడుం పట్టేసి ఎవరింటి అరుగు మీదో కూర్చుండిపోయావని. వాడి మీద కోప్పడొద్దు. నేనే గుచ్చి గుచ్చి అడిగాను. నీది ఆ జబ్బు కాదని నాకు తెలుసు, భయపెట్టాలని రాయడం లేదు. డోలు మానమని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. డబ్బు పంపుతున్నాను కాబట్టి పెత్తనం చేస్తున్నానని అనుకోవద్దు.

చిక్ వెబ్ ఎత్తు వేదిక మీద కూర్చుని, పెడళ్లూ తాళాలూ తన ఒంటికి అందేలా చేయించుకుని వాయించాడు. అందులో చిన్నతనం ఏముంది? నువ్వూ కూర్చుని వాయించే కచేరీలు ఒప్పుకో. ఊరేగింపులకి శిష్యుణ్ణి పంపు, వాడికీ చెయ్యి తిరుగుతుంది. అంత బరువు మెడకి తగిలించుకుని ఊరంతా తిరగడం ఇంక వద్దు.

అక్క పురిటికి ఎప్పుడొస్తోంది? నా సంబంధం మాట మాత్రం అమ్మని ఇప్పుడే ఎత్తొద్దను. ఇక్కడ ఒంటరిగా ఉన్నానని బెంగపెట్టుకోవద్దు, పక్క గదిలో నెల్లూరు కుర్రాడున్నాడు, వంట కలిసే చేసుకుంటాం.

వంటింటి రేకులకి డబ్బు పంపాను, వానలకి ముందే వేయించండి. గుంటూరులో ఎముకల డాక్టరు దగ్గర తమ్ముడు టోకెన్ తీసుకుంటాడు. ముహూర్తం ఉందని తప్పించుకోకుండా వెళ్లు. ఎక్స్‌రే ఫోటో తీసి నాకు పంపమను. డాక్టరు ఏమన్నాడో మాత్రం నువ్వే ఫోన్ చేసి చెప్పాలి, అమ్మతో చెప్పిస్తే ఒప్పుకోను.

నీ పెద్దోడు