సంతకం పెట్టేదెవరు?

సంపాదకులకు,

ఫ్లైఓవర్ల కింద, రైల్వేస్టేషన్ల బయట జుట్టు జడలు కట్టి తమలో తాము మాట్లాడుకుంటూ తిరిగేవారి గురించి పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా రెండు రకాలు. నడిరోడ్డు మీద 'హల్‌చల్' చేశారని ఒకటి, గుర్తుతెలియని శవంగా దొరికారని ఇంకొకటి. ఆ రెండు వార్తల మధ్య చట్టప్రకారం జరగాల్సిన పని చాలా ఉంది. అది ఎక్కడెక్కడ ఆగిపోతోందో చెప్పడానికే ఈ లేఖ.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్న మానసిక రోగి రోడ్డు మీద కనిపిస్తే రక్షణలోకి తీసుకోవడం ఆ పరిధిలోని స్టేషన్ ఇన్‌ఛార్జి విధి అని దాని 100వ సెక్షన్ చెబుతోంది. 24 గంటలు దాటకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో, జైల్లో ఏ పరిస్థితిలోనూ ఉంచకూడదు. ఇల్లు లేనివారైతే మిస్సింగ్ కేసు కింద ఎఫ్‌ఐఆర్ కట్టి కుటుంబాన్ని వెతకాలి. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రులకే తీసుకెళ్లమని ఇందులో ఎక్కడా లేదు. ఏరియా ఆసుపత్రి అయినా సరే, పరీక్ష చేయించే బాధ్యత అక్కడి మెడికల్ ఆఫీసర్‌దే.

ఇక జరిగేది చూడండి. రాత్రి పదింటికి కానిస్టేబుల్ ఆటోలో ఎక్కించుకుని వస్తే క్యాజువాల్టీలో పడే మొదటి ప్రశ్న "అటెండెంట్ ఎవరు?" అని. ఎవరూ లేరంటే "మెంటల్ కేసు, ఇక్కడ చూడం" అని పంపేస్తారు. మానసిక ఆసుపత్రికి వెళ్తే కాలికి పుండు ఉంది, జ్వరం ఉంది, ముందు జనరల్ ఆసుపత్రిలో చూపించి రమ్మంటారు. తెల్లారేసరికి కానిస్టేబుల్ డ్యూటీ మారుతుంది. ఆ మనిషిని ఎక్కడినుంచి తెచ్చారో అక్కడే దింపేస్తారు. ఇందులో కానిస్టేబుల్‌ను తప్పుపట్టి లాభం లేదు. వాహనం, రాత్రంతా వార్డులో కూర్చునే మనిషి, అప్పగించినట్టు రసీదు అతనికి ఎవరూ ఇవ్వలేదు.

మానసిక ఆసుపత్రి అడిగేదాంట్లోనూ సగం న్యాయం ఉంది. వీధిలో అయోమయంగా తిరిగే ప్రతి ఒక్కరిదీ స్కిజోఫ్రెనియా లాంటి తీవ్ర మానసిక జబ్బు కాదు. తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లు సంగతి అందరికీ తెలిసిందే. అందులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. దానికి అలవాటుపడిన కూలీకి ఊరు మారి ఆ కల్లు దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, ఫిట్స్ మొదలవుతాయి. లేని పురుగులు ఒంటిమీద పాకుతున్నట్టు కనిపిస్తాయి. సారా, మద్యం మానేసినా అంతే. గుర్తుపట్టడానికి చూడాల్సింది ఇది: నిన్నమొన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా మారిపోవడం, గంటకోలా ఉండటం, పగలో రాత్రో తెలియకపోవడం, జ్వరం. ఇవి ఉంటే అది ఒంటి జబ్బు తెచ్చిన మతిభ్రమ. ఆ రాత్రి అతను ఉండాల్సింది జనరల్ ఆసుపత్రిలోనే, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. తలకు దెబ్బ, షుగర్ పడిపోవడం కూడా ఇలాగే కనిపిస్తాయి. షుగర్ సంగతి తేల్చడానికి గ్లూకోమీటర్ స్ట్రిప్ ఒక్కటి చాలు.

ఇంకో మాట, దాతల కోసం. వారాలుగా సరిగ్గా తినని మనిషికి ఒకేసారి బిర్యానీ పొట్లాలు పెట్టడం దయ కాదు. రక్తంలో లవణాలు తలకిందులై గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. తొలి కొన్ని రోజులు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించేముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ పడాలి.

జబ్బు వల్ల ఇల్లు పోతుందా, ఇల్లు లేక జబ్బు వస్తుందా అని అడుగుతుంటారు. రెండూ నిజమే, చాలామందిలో ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. మందులు ఎందుకు మానేస్తారో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సైకోసిస్‌కు (లేనివి వినిపించే, కనిపించే స్థితికి) వాడే ఒలాంజపిన్ లాంటి మాత్రలు మత్తుగా నిద్రపట్టిస్తాయి. ఇంట్లో అది మేలు. ఫుట్‌పాత్ మీద ఒంటరి ఆడమనిషికి గాఢనిద్ర అంటే ప్రమాదం. రాత్రంతా తిరిగి పగలు జనం మధ్య కునుకు తీయడం ఆమె పిచ్చితనం కాదు, ముందుజాగ్రత్త. అలాంటి మనిషికి మాత్రలిచ్చి పంపి "వేసుకోవడం లేదు" అని కేస్ షీట్‌లో రాయడం అన్యాయం. ఒప్పుకుంటే, ఒకసారి వేస్తే వారాలపాటు ఒంట్లో నిలిచి పనిచేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ 25 మిల్లీగ్రాములు రెండు నుంచి నాలుగు వారాలకోసారి చాలు. అయితే మెడ బిగుసుకోవడం, నాలుక మెలితిరగడం, చేతులు వణకడం వస్తాయేమో చూసుకునేవారు ఉండాలి. సూది వేసి వదిలేస్తే ఆ మనిషి మళ్లీ తెల్లకోటు దరిదాపులకు రాడు.

వీధిలో పలకరించేవారు ముందు నేర్చుకోవాల్సింది మూట జోలికి వెళ్లకపోవడం. మున్సిపల్ సిబ్బంది మొదట చేసేదే అది: మూట లాగి చెత్తబండిలో వేస్తారు, జుట్టు గొరిగిస్తారు. ఆ మూటలోనే మడతలుపడిన ఓపీ చీటీయో, పాత రేషన్ కార్డు జిరాక్సో, పిల్లల ఫొటోయో ఉంటుంది. ఊరు తెలిసే దారి అదొక్కటే కావచ్చు. ఎదురుగా నిలబడకుండా పక్కగా, చెయ్యి చాచితే అందనంత దూరంలో కూర్చోవాలి. రోజూ అదే వేళకు వెళ్లాలి. 'మీ అడ్రసేంటి?' అంటే జవాబు రాదు. మీ ఊళ్లో సంత ఏ రోజు, జాతర ఏ అమ్మవారికి, బస్సు ఎక్కడ దిగుతారు అని అడిగితే వస్తుంది. సికింద్రాబాద్, విజయవాడ స్టేషన్లలో దిగేవారిలో ఒడియా, బెంగాలీ, భోజ్‌పురి మాట్లాడేవారుంటారు. ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టించండి, చాలామందికి అంకెలు మాతృభాషలోనే వస్తాయి.

ఆసుపత్రిలో చేర్చుకునే దగ్గర అసలు ముడి పడుతుంది. సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న రోగిని 89వ సెక్షన్ కింద 30 రోజులవరకు చేర్చుకోవాలంటే రోగి తరఫున నిలబడే నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు కావాలి. నిరాశ్రయులకు ఆ ప్రతినిధి ఎవరు? చట్టం దీన్నీ ఆలోచించింది. ఎవరూ లేకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టర్‌ను గాని, ఆయన నియమించినవారిని గాని ప్రతినిధిగా పెట్టాలి. ఆ ఉత్తర్వు వచ్చేలోగా రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి చేత వైద్యులే తాత్కాలికంగా ఆ బాధ్యత చేయించుకోవచ్చు. ప్రాణాపాయం ఉంటే 94వ సెక్షన్ కింద ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటలు అత్యవసర వైద్యం చేయవచ్చు. ప్రతినిధి సమ్మతి అందుబాటులో ఉంటేనే అడగాలి. పైగా నిరాశ్రయులకు తెల్లకార్డు ఉన్నా లేకున్నా ప్రభుత్వ మానసిక వైద్యం ఉచితమని 18వ సెక్షన్ అంటోంది. ఇన్ని ఉండి కూడా "సంతకం పెట్టేవాళ్లు లేరు" అన్న ఒక్క మాటతో మనిషి గేటు బయటికి వస్తున్నాడు. ప్రతి జిల్లాలో పేరు, ఫోన్ నంబరుతో సహా ఒక అధికారిని ప్రతినిధిగా ముందే నియమించి, ఆ కాగితం క్యాజువాల్టీ గోడకు అంటించాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

కోలుకున్నాక పంపడం ఎక్కడికి? 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో లక్ష జనాభాకు కనీసం 100 మంది పట్టే వసతిగృహం ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఇవ్వాలని ఉంది. ఉన్న వసతిగృహాలు మానసిక రోగి అంటే తలుపు తీయవు. వారినీ తప్పుపట్టలేం, రాత్రంతా ఒక్క కేర్‌టేకర్ ఉంటాడు. మందులు పెట్టే తాళం బీరువా, వారానికి రెండుసార్లు వచ్చే నర్సు, పిలిస్తే ఫోనెత్తే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు ఉంటే కోలుకున్నవారిలో చాలామంది మిగతావారితో పాటే ఉండగలరు. మరికొందరికి దీర్ఘకాలం తోడు కావాలి. చెన్నైలో బన్యన్ సంస్థ 'హోం ఎగైన్' పేరుతో మామూలు వీధుల్లో మామూలు ఇళ్లు అద్దెకు తీసుకుని నలుగురైదుగురిని ఒక సహాయకురాలితో ఉంచుతోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ అది చేయదగ్గ పనే. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సు కోసం హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి పట్టుకెళ్లినవారిని ఉంచింది చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో. ఆ దారి వద్దు.

ఇంటికి పంపేటప్పుడూ తొందర పనికిరాదు. రైలెక్కించి ఫొటో దిగడంతో పని అయిపోదు. సొంత ఊరి పీహెచ్‌సీలో ఆ మందు ఉందో లేదో పంపేముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. నెల రోజుల మందులు, జెనెరిక్ పేరుతో చీటీ, తర్వాతి తేదీ చేతికివ్వాలి. అవి లేకే రెండో నెలలో మందు ఆగుతుంది, నాలుగో నెలలో మనిషి మళ్లీ ఏదో స్టేషన్‌లో తేలతాడు. వికలాంగుల పింఛను వస్తుంటే ఇంట్లో ఆదరణ మారుతుందన్నది చేదు నిజం. తెలంగాణలో అది రూ.4,016, ఆంధ్రప్రదేశ్‌లో రూ.6,000. మానసిక వైకల్యం 40 శాతం ఉందని సర్టిఫికెట్ కావాలి, దానికి ఆధార్ కావాలి. ఆధార్ పోయినవారిని కొత్తగా నమోదు చేయబోతే వేలిముద్రలు పాతదాంతో కలిసి తిరస్కరణకు గురవుతాయి. నిరాశపడకండి. ఆ పాత నమోదు ఆధారంగానే కుటుంబాలు దొరికిన సందర్భాలు దేశంలో ఉన్నాయి.

పాఠకులకు ఎవరైనా ఇలా కనిపిస్తే 112కు ఫోన్ చేసి చోటు, స్థితి చెప్పి, సెక్షన్ 100 ప్రస్తావించి జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ నంబరు అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 సలహా ఇస్తుంది, వాహనం పంపదు.

చివరగా మీ డెస్క్‌కు ఒక విన్నపం. ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న మానసిక రోగి ఫొటో, వివరాలు వారి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. బంధువులను వెతకడం కోసమే అయినా ఫొటో పోలీసులకు పంపండి, ముఖం అచ్చువేయకండి. కోలుకుని ఊరు చేరాక ఆ కటింగ్ అక్కడి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది.

– నిరాశ్రయుల మధ్య పనిచేసే మానసిక ఆరోగ్య కార్యకర్తలు, హైదరాబాద్