కరివేపాకు కుండీ చాలు

సంపాదకులకు,

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపించగానే విశాఖలో అందరం టీవీ ముందు కూలబడిపోతాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరు మరి, ఆ భయం సహజమే. గడప దాటలేని అలాంటి రోజుల్లో ఫోన్‌తో తీయదగ్గ ఫొటోలకు మీ ఆదివారం పేజీలో కాస్త చోటివ్వండి.

ఇంట్లో నిమ్మ మొక్కో, కరివేపాకు కుండీయో ఉంటే లేత ఆకులు తిప్పి చూడండి. ఆవగింజంత లేత పసుపు గుడ్డు కనిపిస్తే అది సీతాకోకచిలుకది కావచ్చు. అందులోంచి వచ్చే పురుగు మొదట నలుపూ తెలుపూ కలిసి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పక్షుల కళ్లు కప్పే వేషం అది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. బెదిరితే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. పురుగు పట్టిందని రెమ్మ తుంచి పారేయకండి. రోజూ ఒకే వేళకు, ఒకే దూరం నుంచి ఒక్క ఫొటో తీస్తూ పోతే రెక్కలు విప్పేదాకా మొత్తం మీ దగ్గరే ఉంటుంది.

ఎక్కువ మంది చేసే పొరపాటు మరీ దగ్గరకు వెళ్లడం. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరాకు పది పదిహేను సెంటీమీటర్ల లోపు ఫోకస్ పట్టదు. జానెడు దూరంలో ఆగి, రెండింతలు జూమ్ పెట్టి, మిగతాది తర్వాత క్రాప్ చేసుకోవాలి. మాక్రో మోడ్ (బాగా దగ్గరి వాటిని తీసే అమరిక) ఉన్న ఫోన్ అయితే మూడు నాలుగు సెంటీమీటర్ల దాకా వెళ్లొచ్చు. కానీ అంత దగ్గర్లో స్పష్టంగా వచ్చేది కొన్ని మిల్లీమీటర్ల మందమే. తల బాగా వచ్చి తోక అలుక్కుపోయేది అందుకే. ఫోన్‌ను పురుగు ఒంటికి సమాంతరంగా పట్టుకోండి. తెరపై పురుగు కన్ను దగ్గర వేలు నొక్కి ఉంచితే ఫోకస్ అక్కడే నిలుస్తుంది. ఇక ఫోన్‌ను వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ వరసగా పది తీస్తే ఒకటి కుదురుతుంది.

మన ఊళ్లో అసలు శత్రువు గాలి. పొద్దెక్కాక సముద్రపు గాలి పుంజుకుంటుంది కాబట్టి ఉదయం ఆరు నుంచి ఏడున్నర మధ్య మేలు. ఊగే రెమ్మను దారంతో పుల్లకు కట్టేయండి. నీడ పడ్డ వైపు తెల్ల కాగితం పట్టుకుంటే వెలుగు సమంగా వస్తుంది, ఫ్లాష్ అక్కర్లేదు. బీచ్ దగ్గరి ఇళ్లలో లెన్స్‌పై ఉప్పు పేరుకుంటుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు తడిగుడ్డతో అద్ది, ఆ తర్వాతే పొడిగా తుడవాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన ఫోన్‌కు పావుగంట ఆగితే మసక పోతుంది.

జోడుగుళ్లపాలెం రాళ్ల మడుగుల్లో ఆటు వేళ పీతలు, సముద్రపు పూలు (పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్ జీవులు) చక్కగా కనిపిస్తాయి. అయితే పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున అటు వెళ్లనే కూడదు.

పాఠకులు పంపే ప్రతి ఫొటో కింద తేదీ, చోటు, మొక్క పేరు తప్పక వేయండి. అవి లేకపోతే ఏ నెలలో ఏ పురుగు కనిపించిందో మరుసటి ఏడు పోల్చుకోలేం. ఫ్రిజ్‌లో పెట్టి కదలకుండా చేసిన పురుగులవీ, పిట్టగూళ్లలో గుడ్లవీ దయచేసి వేయకండి. గూటికి అడ్డున్న ఆకులు తప్పించి ఫొటో తీస్తే కాకులకు దారి చూపినట్టే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం