మన కొట్టు పద్దు గురించి అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వూ, అల్లుడుగారూ, పిల్లవాడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

హైదరాబాదు నుంచి నువ్వు ఫోన్‌లో ఆర్డరు పెట్టిన నెల సరుకులు చెప్పిన రోజుకే అందాయి. మూడు అట్టపెట్టెలు. అప్పుడు నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ పెట్టెలు తెచ్చిన కుర్రవాడు కాలువ వంతెన దిగాక మన ఇల్లు ఎటో తెలియక, వంతెన పక్కనే ఉన్న కొట్టు దగ్గర బండి ఆపి అడిగాడట. నువ్వు చిన్నప్పటి నుంచి కొట్టు బాబాయి అని పిలిచే ఆయనే అరుగు దిగి వచ్చి మన సందు చూపించారట. మర్నాడు సాయంత్రం నేను పంచదార కోసం వెళ్తే ఆయన ఆ మాటే ఎత్తలేదు. ఎప్పటిలాగే తూచి, పొట్లం కట్టి, అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగారు. నాకే తల ఎత్తుకోవడం కష్టమైంది.

అయితే మొహమాటం కోసం ఎక్కువ ధర పెట్టి కొనమని నీకు చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇరిగేషన్ శాఖలో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి నీ బిల్లు ముందు పెట్టుకుని, అవే సరుకులకు కొట్టులో ధరలు ఒక్కొక్కటీ అడిగి రాసుకుని, రెండూ పక్కపక్కన వేసి చూశాను. నీ బిల్లు 5,840 రూపాయలు. కొట్టులో అయితే 6,060 అయ్యేది. అంటే 220 రూపాయలు నువ్వు ఆదా చేసిన మాట నిజం. సబ్బులు, బట్టల పొడి, టీపొడి, టూత్‌పేస్టు వంటి కంపెనీ సరుకులన్నీ ఫోన్‌లోనే చవకగా వచ్చాయి. కందిపప్పు కూడా కేజీకి ఎనిమిది రూపాయలు తక్కువే. చింతపండు, ఎండుమిరపకాయలు, బెల్లం మాత్రం కొట్టులోనే చవక, పైగా నాణ్యం కూడా ఒక మెట్టు పైనే ఉంది.

కంపెనీ సరుకు మీద ముద్రించే ఎమ్మార్పీ అనేది పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర. దానికి మించి అమ్మితే నేరం, తగ్గించి అమ్మడానికి అడ్డు లేదు. లక్షల ప్యాకెట్లు ఒక్కసారే కొనే సంస్థ తగ్గించగలదు. వారానికి రెండు డజన్లు తెచ్చుకునే కొట్టు తగ్గించలేదు. సబ్బు మీద తనకు మిగిలేది నూటికి ఎనిమిదో పదో అని ఆయన ఒకసారి చెప్పారు. అందులోనే కొట్టు అద్దె, కరెంటు, రవాణా, ఎలుకలు కొరికినవీ, గడువు దాటినవీ అన్నీ చూసుకోవాలి. కాబట్టి ఆ 220 రూపాయల తేడాను ఆయన పూడ్చలేరు, పూడ్చమని నేను అడగను కూడా. నేను అడిగిన ప్రశ్న వేరు. నెలకు 220 చొప్పున మనం ఇంతకాలం ఎక్కువ ఇస్తూ ఉంటే, ఆ డబ్బు ఏం పని చేసింది?

దానికి జవాబు ఆయన పద్దు పుస్తకంలో ఉంది. ఎర్ర అట్ట వేసి, పొడుగ్గా మధ్యకు మడిచే ఆ పుస్తకం నీకు గుర్తుండే ఉంటుంది. మన పేరు మీద ఒక పేజీ ఉన్నా, అందులో ఒకటో తారీకున నా పెన్షను పడగానే గీత కొట్టేస్తాం. మన గోదావరి లంకలో కౌలుకు చేసే రైతుల పేజీలు అలా ఉండవు. దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లు పడిన దగ్గర నుంచి కోత కోసి, ధాన్యం అమ్మి, డబ్బు చేతికి వచ్చేదాకా వాళ్ళు తెచ్చుకునే ఉప్పు, పప్పు, నూనె అన్నీ పద్దు మీదే. నెలకు నాలుగు వేల చొప్పున నాలుగు నెలలు వాడుకున్నారనుకో. ఏ నెల సరుకు ఆ నెల మొదట్లోనే తెచ్చుకుంటే, మొదటి నెల సొమ్ము నాలుగు నెలలు, రెండో నెలది మూడు నెలలు, ఆ తర్వాతవి రెండూ ఒకటీ నిలుస్తాయి. మన ఊళ్ళో బయట వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు. ఆ లెక్కన 16,000 రూపాయల అరువు మీద వడ్డీయే 800 అవుతుంది. కొట్టులో ఆ 800 ఎవరూ అడగరు, ఎవరూ రాయరు.

ఆ రైతు బ్యాంకుకు పోవచ్చు కదా అంటావేమో. భూమి కాగితం తన పేరు మీద లేనివాడికి బ్యాంకు గుమ్మం ఎంత ఎత్తో నీకు తెలియదు. కౌలుదారుల కోసం మన రాష్ట్రంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలలకు చెల్లే కార్డు ఇవ్వడం మొదలుపెట్టారు. కాని ఆ చట్టం ప్రకారం కార్డుకు భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెట్టడానికి వెనకాడిన ఆసాములు మన బంధువుల్లోనే ఉన్నారు. ఇక ఫోన్‌లో ఇప్పుడు కొని తర్వాత కట్టే సదుపాయం ఉందని నువ్వు అంటావు. అది నీ జీతం చూసి నీకు ఇచ్చిన సదుపాయం. గడువు తప్పితే రుసుము వేస్తుంది. వరి ఈనే సమయంలో తుపాను పట్టి ధాన్యం రంగు మారితే ఇంకో నెల ఆగుదామని దానికి చెప్పేవాడు ఎవడూ లేడు.

ఇక్కడే నువ్వు ఒక్క క్షణం నిలిచి ఆలోచించాలి. ఆ అరువు ఇవ్వడానికి ఆయనకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆయనకు సరుకు వేసే హోల్‌సేలు వారు ఇచ్చే గడువు వారం రోజులు, మహా అయితే పది రోజులు. నాలుగు నెలలు బయట నిలిచే అరువును వారం గడువుతో తెచ్చిన సరుకుతో నడపాలంటే, ప్రతి నెలా రొక్కం ఇచ్చే ఇళ్ళు కొన్ని ఉండి తీరాలి. ఊళ్ళో అలాంటివాళ్ళం ఎవరం? పెన్షనువాళ్ళం, మాస్టర్లు, కువైట్ నుంచి డబ్బు అందుకునే కుటుంబాలు, కొబ్బరి తోటలున్న ఆసాములు. ఫోన్‌లో సరుకులు తెప్పించుకోగలిగినవాళ్ళం కూడా సరిగ్గా మేమే. మేము ఒక్కొక్కరం తప్పుకుంటే కొట్టులో మిగిలేది అరువు పద్దులు మాత్రమే.

నా ఉద్యోగంలో నేను చూసిందే ఇది. కాలువలో నీరు తగ్గినప్పుడు తూము దగ్గర పొలం ఏనాడూ ఎండలేదు, ఎండేది కాలువ చివరనున్న శివారే. తలకాలువ దగ్గర నాలుగు గంటలు ఎక్కువ నీరు పెట్టుకున్న రైతు ఎవరికీ కీడు చేయాలనుకోడు, తన చేను తడుపుకున్నానని మాత్రమే అనుకుంటాడు. శివారు రైతు మాత్రం నీరు రాని పిల్లకాలువ (బోదె) గట్టు మీద కూర్చుని మా ఆఫీసుకు అర్జీ రాసుకునేవాడు. అలాంటి అర్జీలు ఎన్ని దాఖలు చేశానో నాకే లెక్క లేదు.

అరువు సంగతి అలా ఉంచితే, చిల్లర బేరం మరొకటి. సాయంత్రం ఆరింటికి కూలి డబ్బు తెచ్చుకున్న ఆడవాళ్ళు ఆ కొట్టు దగ్గర ఏం కొంటారో ఒకసారి నిలబడి చూడు. పది రూపాయల నూనె, ఐదు రూపాయల కాఫీపొడి, పావుకేజీ పప్పు, రెండు కోడిగుడ్లు. ఏ ఆన్‌లైన్ అంగడీ ఇరవై రూపాయల బేరానికి మన లంకకు బండి పంపదు. వీధి చివర ఇంట్లో ఆవిడ పెట్టే ఒడియాలూ, కొబ్బరి ఈనెల చీపుళ్ళూ కూడా ఆ కొట్టులోనే అమ్ముడవుతాయి. వాటికి బార్‌కోడు లేదు.

వరద మాట నువ్వే ఎత్తుతావని తెలుసు, ఎందుకంటే 2022 జూలైలో నువ్వు రోజుకు పదిసార్లు ఫోన్ చేశావు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి, మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన ఆ రోజుల్లో రోడ్ల మీద నడుముల్లోతు నీరు. ఆయన ముందు రోజు రాత్రే బియ్యం బస్తాలు, పప్పులు అటక మీదికి ఎక్కించి, నీరు వచ్చాక నాటు పడవలో కూర్చుని కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పాలపొడి అమ్మారు. ధర ఒక్క రూపాయి పెంచలేదు. 1996 నవంబరు 6 తుపానుకు నీకు ఏడాదిన్నర. కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా కూలి, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు నీకు పాలడబ్బా ఆ కొట్టు నుంచే వచ్చింది. అప్పుడు నా దగ్గర చిల్లిగవ్వ లేదు. పద్దు పుస్తకం తడిసి అక్షరాలు చెరిగిపోతే ఎవరికి వారే తమ బాకీ చెప్పి రాయించుకున్నారు. తక్కువ చెప్పినవాళ్ళు ఉండరా అంటే, ఉన్నారనే అనుకుంటాను.

ఆయన్ని దేవుణ్ణి చేస్తున్నానని అనుకోకు. వేసవిలో చల్లటి సీసాకు ఎమ్మార్పీ మీద రెండు రూపాయలు కూలింగు పేరు చెప్పి వసూలు చేస్తుంటే నేను దెబ్బలాడి మాన్పించాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గితే, పాత సరుకు మీద పాత ధరే తీసుకోబోయారు. పేపరు చూపించాక ఒప్పుకున్నారు. బిస్కెట్ ప్యాకెట్ల మీద తేదీ చూడకుండా అమ్ముతారు. బిల్లు అడిగితే మొహం చిట్లిస్తారు. కాటా మీద తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర ఉందా అని ఏటా ఒకసారి నేనే వంగి చూస్తాను, ఆయన నవ్వుతారు. కానీ ఆ గొడవలన్నీ అరుగు మీదే తేలిపోయాయి. నువ్వు పంపిన పెట్టెల్లో ఒక నూనె ప్యాకెట్టు కారి పంచదార అంతా తడిసింది. దాన్ని తిరిగి పంపాలంటే ఫోటో తీసి, ఏదో అంకె నొక్కి, మళ్ళీ ఏదో అంకె నొక్కాలని తెలిసి అమ్మ విసుగు పుట్టి ఊరుకుంది. నేను పంచదార కోసం కొట్టుకు వెళ్ళింది అందుకే. నీ 220లో ఈ నష్టం నేను కలపలేదు, కలిపితే లెక్క ఇంకా తగ్గేది.

ఇప్పుడు నేను అడిగేది చిన్నదే. ప్రతి నెలా వాటంతటవే సరుకులు వచ్చేలా నువ్వు పెట్టిన ఏర్పాటు మాన్పించు. డబ్బు నువ్వు ఇవ్వాలని ఉంటే కొట్టు మీద అంటించిన క్యూఆర్ కోడ్ ఫోటో తీసి నీకు పంపుతాను. హైదరాబాదు నుంచి నేరుగా ఆయన ఖాతాకే యూపీఐలో వెయ్యి. ఆ చెల్లింపు మీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది కాబట్టి ఆయనకూ ఖర్చు లేదు. మా ఇద్దరికీ కావలసిన చీటీ అమ్మ రాస్తుంది, ఆయన మనవడు సైకిలు మీద తెచ్చి పడేస్తాడు. కొట్టులో దొరకనివి, అంటే నా కళ్ళ చుక్కల మందు, అమ్మ మోకాలి పట్టీ లాంటివి, నువ్వు ఫోన్‌లోనే పంపించు. అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు.

అక్కడ మీ అపార్టుమెంటు సందు మొదట్లో ఉన్న కొట్టు సంగతి నువ్వే ఆలోచించుకో. నేను మొన్న వచ్చినప్పుడు పది రోజులూ పాలకూ, కరివేపాకుకూ అక్కడికే వెళ్ళాను. ఆ కొట్టు ఆవిడ మన మాట తీరు చూసి మాది పాలకొల్లు దగ్గర ఊరండీ అంది. మీ ఫ్లాటు నంబరు ఆవిడకు తెలుసు, నీ పేరు మాత్రం తెలియదు.

నువ్వు పంపిన కందిపప్పు ఇంకా రెండు కేజీలు ఉంది. సబ్బులైతే ఉగాది దాకా సరిపోతాయి. అవి అయ్యేదాకా కొట్టులో మన పేజీ కొంచెం పలచగానే ఉంటుంది. అందుకని ఈ నెల సంక్రాంతికి కావలసిన బెల్లం, నువ్వులు, నెయ్యి, అరిసెలకు బియ్యం ముందుగానే అక్కడ చెప్పి వచ్చాను. పిల్లవాడికి సెలవులు ఏ రోజు నుంచో తెలియజెయ్యి.

ఇట్లు,
మీ నాన్న