ఛాసీ మీద పసుపు అంకెలు

ఒరేయ్ రమణా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఇంటి సంగతులు, షెడ్డు సంగతులు, కరెంటు బిల్లు అన్నీ అయ్యాక చివర్లో "అవునురా, ఆ ఫొటోలో ఛాసీకి కొత్త రంగు కొట్టి మళ్లీ దాని మీద పసుపు గీతలేంటి, పిల్లలు గీసేశారా" అని అడిగావు చూడు, అది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాడివి, నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను? ఇంట్లో నోరు తెరిస్తే "మళ్లీ మొదలెట్టారా" అంటోంది.

ఆ కారు మా ఆఫీసులో ఒకాయనది. 1969 కార్వెట్, షెవర్లే అనే అమెరికా కంపెనీ వాళ్ల స్పోర్ట్స్ కారు, ఇక్కడే అమెరికాలో సెయింట్ లూయిస్ ఊరి ఫ్యాక్టరీలో తయారైంది. బాడీ మొత్తం ఎత్తి పక్కన దించి, ఛాసీని గీకి, కడిగి, రంగేసి, మళ్లీ మొదట్నుంచి కడుతున్నాడు. శనివారాలు నేను వెళ్లి సాయం పేరుతో పానాలు అందిస్తుంటాను. ఆ గీతలు పిల్లలవి కాదురా, ఆయనే గీశాడు, అదీ గీకక ముందు తీసిన ఫొటో ఎదురుగా పెట్టుకుని, అంకె వంపుతో సహా.

సంగతేంటంటే, ఈ కారుకి ఛాసీ ఇనుము, బాడీ ఫైబర్. రెండూ కలిపి బోల్టులు బిగించే చోట ఎత్తులో తేడా ఉంటే డోర్లు సరిగా పడవు. మీ షెడ్డులో ప్యాకింగ్ ముక్కలు పెట్టి సరిచేస్తారు కదా, అక్కడా అదే పని. ఏ బోల్టు దగ్గర ఎన్ని ముక్కలు పెట్టాలో ఛాసీ మీదే క్రేయాన్‌తో రాసేసేవాళ్లు, ముక్కలు పెట్టేవాడు ఆ అంకె చూసుకుని పెట్టేవాడు. ఒక మూల రెండు, ఇంకో మూల నాలుగు, ఒక్కోచోట అసలు ఏమీ అక్కర్లేదు. డ్రాయింగు ఒక్కటే, లైను ఒక్కటే, వేల కార్లు బయటికొచ్చాయి, కానీ ఆ అంకెలు మాత్రం ఏ కారుకి ఆ కారువే. నాకు పిచ్చి పట్టించింది ఆ ముక్కేరా. అసెంబ్లీ లైను అంటే అచ్చు గుద్దినట్టు ఒకేలాంటివి వస్తాయని కదా మనం అనుకునేది!

ఇంకో వింత చెప్తాను విను. ఇక్కడ 1974 నుంచి నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ అని, పాత కార్వెట్లు బాగుచేసేవాళ్ల సంఘం ఒకటి ఉంది. వాళ్ల దగ్గరికి కారు పట్టుకెళ్తే జడ్జీలు టార్చిలైటు వేసుకుని కింద దూరి మరీ చూస్తారు. బాగా మెరుస్తోందా అని కాదు, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉండేదో అలా ఉందా అని. మరీ అందంగా చేస్తే మార్కులు తీసేస్తారు! ఫ్యాక్టరీలో నల్ల రంగు ధార కట్టి ఆరిపోయే చోట ధార కట్టే ఉండాలి, ఇన్‌స్పెక్టర్లు సుద్దతో టిక్కు పెట్టే చోట టిక్కు ఉండాలి. మా వాడు కావాలని రంగు ఎక్కువ పోసి కారేలా చేయడం నేను కళ్లారా చూశాను. మీ పెయింటరు చూస్తే బ్రష్షు కింద పెట్టి వెళ్లిపోతాడు.

సరే, మొదట్నుంచి చెప్తాను. కార్వెట్ పుట్టింది 1953లో, మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊళ్లో. మొదటి కారు జూన్ 30న బయటికొచ్చింది. పెద్ద ఫ్యాక్టరీ ఏం కాదు, ఉన్న ఒక కట్టడంలోనే తాత్కాలికంగా చిన్న లైను వేసుకున్నారు. ఆ ఏడాది మొత్తం కట్టినవి 300 కార్లు. అన్నీ తెలుపే, లోపల సీట్లన్నీ ఎరుపే, రంగు ఎంచుకునే పనే లేదు. స్పోర్ట్స్ కారని పేరు గానీ ఇంజన్ ఆరు సిలిండర్లది, గేర్‌బాక్స్ రెండే గేర్ల ఆటోమేటిక్. నవ్వకు, ఎనిమిది సిలిండర్ల వీ-ఎయిట్ ఇంజన్ 1955లో వచ్చి పరువు నిలబెట్టింది.

బాడీకి రేకు కాకుండా ఫైబర్ ఎందుకంటే, కొన్ని వందల కార్ల కోసం రేకు వంచే డైలు చేయించడం గిట్టుబాటు కాదు, టైమూ లేదు. ఒహాయోలో ఆష్టబ్యులా అనే ఊరి నుంచి ఫైబర్ ముక్కలు వచ్చేవి. వాటిని జిగ్గులో (కదలకుండా పట్టి ఉంచే చట్రం) నిలబెట్టి, లోపలి వైపు పట్టీలు పెట్టి, రెజిన్‌తో అతికించి, అతుకుల మీద పుట్టీ పెట్టి, గ్రైండరుతో సాపు చేసేవాళ్లు. ఒక ముక్క మందంగా, ఒకటి పల్చగా వచ్చేది. లోపల గాలి బుడగ ఉండిపోతే పెయింట్ ఓవెన్ వేడికి పొంగి పగిలేది, మళ్లీ గీకు, మళ్లీ పుట్టీ పెట్టు. ఇంకో తలనొప్పి ఎర్తింగు. రేకు బాడీ అయితే ఒక వైరు లాగి ఇంకో కొస బాడీకి తగిలిస్తే లైటు వెలుగుతుంది, ఫైబర్‌లో కరెంటు పారదు కదా, ప్రతిదానికీ విడిగా ఎర్తు వైరు లాగాల్సిందే. ఇనుప బానెట్ అడ్డం లేకపోవడంతో స్పార్క్ ప్లగ్గుల గోలంతా రేడియోలో వినిపించేది, అందుకని ఇగ్నిషన్ మీద లోహపు మూతలు బిగించేవాళ్లు. ఇప్పుడు ఆ మూతల కోసమే వెతుక్కుంటూ తిరుగుతున్నారు జనం.

తర్వాత లైను సెయింట్ లూయిస్‌కి మారింది, 1981 దాకా అక్కడే. అదే ప్రాంగణంలో పెద్ద లైన్ల మీద మామూలు షెవర్లే కార్లు కడుతుంటే, కార్వెట్‌కి మిల్ బిల్డింగ్ అనే పక్క కట్టడం ఇచ్చారు. ఒకప్పుడు కార్ల బాడీల్లో కర్ర వాడే రోజుల్లో అక్కడ కర్ర కోసేవాళ్లట. ఛాసీని ముందు తల్లకిందులుగా పడుకోబెట్టి సస్పెన్షన్ బిగించేవాళ్లు (పైకి చూస్తూ చేతులు ఎత్తి బిగించడం కన్నా అదే నయం కదా, మీరూ ఆలోచించండి), తర్వాత తిప్పి ఇంజన్ దించేవాళ్లు. మరోపక్క బాడీ ముక్కలు అతుక్కుని, రంగేసుకుని, వైర్లు గట్రా ఎక్కించుకుని వచ్చేది. చివరికి పైనుంచి బాడీ దిగుతుంటే కింద మనుషులు నిలబడి బోల్టు రంధ్రాలు కలిసేలా చూసుకునేవాళ్లు. పెద్ద ఇంజన్లు న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా నుంచి, చిన్నవి ఫ్లింట్ నుంచి, నాలుగు గేర్ల బాక్సులు ఇండియానాలోని మన్సీ నుంచి. ఇన్ని ఊళ్ల సరుకు రైళ్లలో వచ్చి సరిగ్గా ఆ కారు నంబరు వచ్చే టైముకి అక్కడ ఉండాలి, కంప్యూటర్ తెర చూసి కాదు, కాగితం చూసి.

ఆ కాగితం కథ కూడా ఉంది. ఏ కారుకి ఏ ఇంజను, ఏ యాక్సిలు, ఏ రేడియో అని అచ్చేసిన షీటు ఒకటి కారుతో పాటు లైను మీద నడిచేది. 1967 నుంచి దాన్ని పెట్రోలు ట్యాంకు పైభాగాన అతికించేసేవాళ్లు. ఎవరికీ కనపడదు. ఇన్నేళ్ల తర్వాత ట్యాంకు దించితే అది బాగుంటే పండగే, ఎందుకంటే కారు ఫ్యాక్టరీ నుంచి ఏమేం బిగించుకుని వచ్చిందో దానికన్నా గట్టి సాక్ష్యం లేదు, ధర వేల డాలర్లలో తేడా పడుతుంది. అందుకే దొంగ కాగితాలు తయారుచేసే మహానుభావులూ ఉన్నారు. మా వాడి ట్యాంకు దించినప్పుడు నేనూ ఉన్నాను. సగం కాగితం ఎలుకలు తిన్నాయి, మిగిలిన సగంలో ఆయనకి కావాల్సిన గడి లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ మాట్లాడలేదు, నేను వెళ్లి పిజ్జా తెచ్చాను.

ఇదంతా చదివి నేను ఆ రోజులే బంగారం అంటున్నానని అనుకోకు. ఆ కార్లు చాలా వాటిల్లో నీళ్లు కారేవి, ప్యానెళ్ల మధ్య సందు పైన ఒకలా కింద ఒకలా ఉండేది. 1968 మోడల్ ఎంత అధ్వాన్నంగా వచ్చిందంటే ఒక పేరున్న కార్ల పత్రిక దాన్ని టెస్టు చేసి రాయడానికే ఒప్పుకోలేదు. ఇక ఫైబర్ గ్రైండింగ్ దుమ్ము సంగతి నీకు నేను చెప్పాలా, ఒక్క పూట చేస్తేనే ఒళ్లంతా దురద. అది రోజూ, షిఫ్టంతా, ఏళ్ల తరబడి పీల్చినవాళ్లున్నారు. ఇప్పుడు గ్యారేజీల్లో బీరు తాగుతూ "అబ్బ, ఏం చేతిపని" అని మురిసిపోయేవాళ్లలో ఆ గ్రైండరు పట్టినవాళ్లు ఎంతమంది ఉంటారంటావ్? నాకైతే మా వాడి మీద కూడా అప్పుడప్పుడు ఒళ్లు మండుతుంది.

ఒహాయోలో సిన్సినాటి పక్కన నార్వుడ్‌లో, షెవర్లేకి సొంతదారైన జనరల్ మోటార్స్ వాళ్లదే, కమారో, ఫైర్‌బర్డ్ కార్లు కట్టే ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ 1972లో 174 రోజులు సమ్మె జరిగింది. లైను వేగం పెంచారు, మనుషుల్ని తగ్గించారు, ఒకడు ఇద్దరి పని చేయాల్సొచ్చింది, అదీ గొడవ. అన్ని రోజులూ సగం కట్టిన కార్లు లైను మీదే నిలబడిపోయాయి. సమ్మె ముగిసేసరికి 1973 మోడళ్లకి బంపర్ల రూలు కొత్తది వచ్చేసింది, ఆ కార్లు దానికి పనికిరావు, దాంతో వెయ్యికి పైగా కార్లని తుక్కు చేసేశారు. కొత్త కార్లురా! ఆ ఫ్యాక్టరీ 1987లో మూతపడింది. కమారో కట్టే ఇంకో ఫ్యాక్టరీ కాలిఫోర్నియాలో వాన్ నైస్‌లో ఉండేది, అదీ 1992లో పోయింది. కార్ల మీద ఉన్న బెంగలో పదో వంతు కూడా ఆ ఊళ్ల మీద ఎవరికీ ఉన్నట్టు కనపడదు.

కార్వెట్ మాత్రం బతికింది, ఊరు మారి. సెయింట్ లూయిస్‌లో 1979 మోడల్ సంవత్సరంలో 53,807 కార్లు కట్టారు, ఇప్పటికీ రికార్డు అదే. కానీ కట్టడం పాతది, పెయింట్ షాపు కొత్త కాలుష్యం రూళ్లకి సరిపోదు. కెంటకీలో బౌలింగ్ గ్రీన్ ఊళ్లో అంతకుముందు ఏసీలు తయారుచేసిన ఫ్యాక్టరీ ఖాళీగా ఉంటే దాన్ని తీసుకున్నారు. 1981 జూన్ 1న అక్కడ మొదటి కారు, ఆగస్టు 1న సెయింట్ లూయిస్‌లో ఆఖరి కారు. మధ్యలో రెండు నెలలు రెండు ఊళ్లలోనూ ఒకే కారు కట్టారు, సెయింట్ లూయిస్‌లో పాత పద్ధతి లాకర్ పెయింట్, కెంటకీలో కొత్త రకం ఎనామెల్. వందల కుటుంబాలు ఇల్లూ వాకిలీ ఎత్తుకుని పని వెనకాల కెంటకీ వెళ్లిపోయాయి.

నేషనల్ కార్వెట్ మ్యూజియం కూడా బౌలింగ్ గ్రీన్‌లోనే ఉంది, ఫ్యాక్టరీకి దగ్గర్లోనే. 2014 ఫిబ్రవరి 12న మ్యూజియంలో ఒక హాలు నేల కుంగి ఎనిమిది కార్లు గుంతలో పడిపోయాయి. ఆ ప్రాంతమంతా కింద సున్నపురాయి గుహలు. పడ్డవాటిలో ఒకటి 1992లో తయారైన పది లక్షలవ కార్వెట్, మొదటి కార్ల లాగే తెల్ల రంగు, ఎర్ర సీట్లు. దాన్ని బాగుచేద్దామని జనరల్ మోటార్స్ వాళ్లు విప్పితే, లోపల బయటికి కనపడని భాగాల మీదంతా సంతకాలు! కట్టినప్పుడు పనివాళ్లు ఎవరు బిగించిన దాని మీద వాళ్లు పేరు రాసుకున్నారు. అవి పోకూడదని వీలైనంతవరకు పాత భాగాలే ఉంచారు, మార్చక తప్పని వాటి మీది సంతకాలని స్కాన్ చేసి కొత్తవాటి మీద అచ్చు దింపారు. ఫొటోలు తర్వాత పంపుతాను, ఒకడు సంతకం పెట్టిన చోటికి చెయ్యి ఎలా దూరిందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఇప్పటి కార్వెట్‌కి ఇంజను సీట్ల వెనక ఉంటుంది, 2020 మోడల్ నుంచి. అల్యూమినియం ఛాసీ, జిగురు గీత రోబో గీస్తుంది, వెంట్రుకవాసి తేడా రాదు. మీ అల్లుడు పెనుకొండ కియా కార్ల ప్లాంటు చూసొచ్చి చెప్పాడన్నావే, రోబోలు నిప్పురవ్వలు చిమ్ముతూ వెల్డింగ్ చేస్తుంటే మనిషి దూరంగా నిలబడి చూస్తున్నాడని, ఇక్కడా చాలావరకు అదే. కారుగా చూస్తే పాత వాటిని మించింది, నడిపి చూసినవాడినే చెప్తున్నాను, మలుపులో ఆ పాతది ఎటు పోతుందో దేవుడికే తెలుసు. అయినా డబ్బులుండి ఏది కావాలంటే నేను 1967 వైపే వేలు చూపిస్తాను, ఇందులో న్యాయం ఏమీ లేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఈ కొత్త కారు విప్పినవాడికి లోపల బార్‌కోడ్ కనపడుతుంది, క్రేయాన్ అంకె కనపడదు, అంతే.

కొలంబస్‌లో మీ అమ్మాయి దగ్గరికి వచ్చే ఏడాది వస్తామన్నారు కదా. అక్కడి నుంచి బౌలింగ్ గ్రీన్ ఒక పూట ప్రయాణం, దారిలోనే సిన్సినాటి, నార్వుడ్ కూడా చూడొచ్చు, ఫ్యాక్టరీ ఉన్న చోట చూడ్డానికిప్పుడు ఆఫీసులు, షాపులే ఉన్నాయనుకో. మా వాడికి నీ గురించి చెప్పాను. డోరు సందులు కుదరక ఇప్పటికి బాడీ ఎన్నిసార్లు దించి ఎత్తాడో, "మీ ఫ్రెండు లారీ డోర్లు ఎలా కుదురుస్తాడు" అని వాడే అడిగాడు. టికెట్లు కొనేముందు ఒక మాట చెప్పు. డిసెంబరు, జనవరి మాత్రం వద్దు, ఆ గ్యారేజీలో హీటరు లేదు, పానా పట్టుకుంటే వేళ్లు అంటుకుపోతాయి. వదినని అడిగానని చెప్పు, మోకాలి నొప్పికి డాక్టరు ఏమన్నాడో రాయి.

నీ
శీను